పడవ అనుమతి: రంగుల ప్రతి, సాదా ప్రతి

మా రేవుల సంస్థలో జరిగినదానికి ఊరంతా కంప్యూటర్ని తిడుతోంది. అది అన్యాయం. కంప్యూటర్ పాపం చెప్పింది చేస్తుంది. చెప్పినవాళ్ళం మేం.

ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి మెయిలూ రెండు ప్రతులతో వెళ్ళాలట. ఒకటి హెచ్‌టీఎంఎల్ ప్రతి, అందులో రంగులు, బొమ్మలు, గళ్ళు ఉంటాయి. రెండోది ప్లెయిన్ టెక్స్ట్, అంటే ఉత్త అక్షరాలు. రెండూ ఒకే మెయిలులో కలిసి వెళతాయి. కొత్త ఫోన్లున్నవాళ్ళకి రంగులది కనిపిస్తుంది, పాత మిషన్లున్నవాళ్ళకి అక్షరాలది కనిపిస్తుంది. రెండింట్లోనూ విషయం ఒక్కటే. ఇంత సులువైన పని మా సంస్థకి ఇంతకుముందెప్పుడూ ఎవరూ అప్పగించలేదు. అందుకే మాకు అనుమానం వచ్చింది.

మా డైరెక్టరు త్రివిక్రమరావు గారు వెంటనే మీటింగు పెట్టారు. ఆయన స్వతహాగా మంచి మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవరు, ఫ్యాను కింద కూర్చున్నా కోటు విప్పరు. టీ, బిస్కట్లు వస్తే టీ ఎవరి బాధ్యత, బిస్కట్లు ఎవరి బాధ్యత అని కనుక్కున్నాకే ముట్టుకుంటారు.

"రెండు ప్రతులు అన్నారు. అంటే రెండు సెక్షన్లు అన్నమాట" అన్నారాయన.

మీటింగులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. మా ఆఫీసులో రెండు వస్తువులుంటే రెండు సెక్షన్లు ఉండాలి. ఇది ఎక్కడా రాసి లేదు గానీ అందరం పాటిస్తాం. ప్రింటరు ఒక సెక్షన్‌ది, అందులో పెట్టే కాయితం ఇంకో సెక్షన్‌ది. అవి రెండూ ఒకేరోజు పనిచేసిన సందర్భం నా సర్వీసులో నేను చూడలేదు.

రంగుల ప్రతి సెక్షన్‌కి హేమసుందరి గారిని అధిపతిని చేశారు. ఆవిడ ఏటా ఉద్యోగుల ముగ్గుల పోటీలో మొదటి బహుమతి కొట్టేసేది. ఈ అర్హతను ఎవరూ కాదనలేకపోయారు. సాదా ప్రతి సెక్షన్ నాకు అప్పగించారు. నా అర్హత ఏమిటని అడిగితే, "మీ మొహంలో ఏ భావమూ ఉండదు భీమశంకరం గారూ, అదే మాకు కావలసింది" అన్నారు డైరెక్టరు గారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ నాకు తెలీదు.

నా సెక్షన్‌కి ఒక బల్ల, కుర్చీ, పాత కంప్యూటర్ ఇచ్చారు. హేమసుందరి గారికి కిటికీ ఉన్న గది, కొత్త కంప్యూటర్, గోడకి రంగు వేయించుకునే అనుమతి ఇచ్చారు. సాదా సెక్షన్ గోడకి సున్నం కూడా వేయకూడదని, అది సెక్షన్ స్వభావానికి విరుద్ధమని నోట్ ఫైల్లో రాశారు.

మొదటి చిక్కు మొదటి మెయిలుకే వచ్చింది. ఒక రేవు కాంట్రాక్టరుకి జవాబు రాయాలి. నేను 'గౌరవనీయులైన వెంకటరత్నం గారికి' అని మొదలుపెట్టి డైరెక్టరు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇది ప్లెయిన్ కాదే" అన్నారు.

"ఉత్త అక్షరాలేనండి. రంగు లేదు, బొమ్మ లేదు."

"గౌరవనీయులైన అంటే ఏమిటి? అలంకారం కాదూ?"

"మరి గారు అయినా ఉంచనా అండి?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. అంత నిజాయితీగా ఆలోచించే అధికారిని నేను చూడలేదు.

"గారు తీసేస్తే అర్థం మారుతుందా?"

"అర్థం మారదండి. మనుషులు మారతారండి. కోపాలొస్తాయి."

"కోపం మన పరిధిలోది కాదు. అర్థం మారదంటున్నారు కాబట్టి అది అలంకారమే. తీసెయ్యండి."

అలా నా సెక్షన్లోంచి గారు పోయింది. దాని వెనకే దయచేసి పోయింది, కృతజ్ఞతలు పోయాయి, పదవుల పేర్లు పోయాయి. సంతకం నీలి సిరాతో పెడతారు కాబట్టి అదీ రంగుల సెక్షన్‌కే పోయింది. వెంకటరత్నానికి చివరికి వెళ్ళిన సాదా ప్రతి ఇలా ఉంది: 'వెంకటరత్నం. మెట్లు విరిగినవి. కట్టుము.' ఆయన దగ్గర పాత కంప్యూటర్ ఉందని ఎవరం కనుక్కోలేదు. మర్నాడు ఆయన కర్ర పుచ్చుకుని ఆఫీసుకొచ్చాడు. ఆ గొడవ సర్దేసరికి మధ్యాహ్నం భోజనం కూడా లేకపోయింది నాకు.

ఇంతవరకూ బాగానే ఉంది. మా సంస్థ చరిత్రలో ఇంతకంటే పెద్ద గొడవలే ఉన్నాయి. అసలు సంగతి ఆడిట్‌తో మొదలైంది.

ఆడిట్ ఆయన వచ్చి రెండు సెక్షన్ల మెయిళ్ళూ పక్కపక్కన పెట్టి చదివాడు. చదివి, "ఏవండీ, ఈ రెండూ ఒకే సంగతి చెబుతున్నాయే" అన్నాడు.

"అవునండి. అలాగే ఉండాలిటండి" అన్నాను.

"ఒకే పనికి ప్రభుత్వం రెండు సెక్షన్లని పోషిస్తోందన్నమాట. ఇది పునరావృతి. అభ్యంతరం రాస్తాను."

ఆ మాట వినగానే డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. ఆడిట్ అభ్యంతరం అంటే మా ఆఫీసులో దెయ్యం పట్టినంత భయం. ఆయన ఆ రోజంతా తలుపు వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"పరిష్కారం దొరికింది. రెండు ప్రతుల్లోనూ ఒకే విషయం ఉండటమే లోపం. విషయాన్ని విభజిద్దాం. అనుమతులు, అభినందనలు, శుభవార్తలు రంగుల ప్రతిలోకి. షరతులు, నిషేధాలు, హెచ్చరికలు సాదా ప్రతిలోకి. ఏ మాటా రెండుసార్లు రాదు. ఇహ ఆడిట్ ఏమంటుంది?"

ఆడిట్ ఏమీ అనలేదు. పైగా మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాసి వెళ్ళాడు.

"మరండీ, పాత మిషనున్నవాడికి శుభవార్త కనిపించదు కదండీ" అన్నాన్నేను.

"పాత మిషనున్నవాడు శుభవార్తలకి అలవాటుపడి ఉండడు భీమశంకరం గారూ" అన్నారాయన. ఆ మాట వేళాకోళంగా అన్నది కాదు. మనస్ఫూర్తిగా అన్నారు.

ఇలా ఉండగా పల్లాలమ్మ పడవ అనుమతి ఫైలు వచ్చింది.

పల్లాలమ్మది చిరుతలంక. ఆ లంకకి వంతెన లేదు, రోడ్డు లేదు. బడి, ఆసుపత్రి, సంత, ఏదైనా గోదావరి పాయకి ఇవతల పెదరేవులోనే. మధ్యన తిరిగేది పల్లాలమ్మ ఇంజను పడవ ఒక్కటే. మొగుడు పోయాక చుక్కాని ఆవిడే పట్టింది. ఏటా అనుమతి కొత్తది చేసుకోవాలి. ఆ ఏడాది అనుమతి గడువు దాటింది గనక పడవ కట్టేసింది. అవతల చూస్తే పదో తరగతి పరీక్షలు వస్తున్నాయి. లంక పిల్లలందరికీ పరీక్ష కేంద్రం పెదరేవు హైస్కూలు. ఆవిడ మనవరాలు దుర్గాభవాని కూడా పరీక్ష రాయాలి. లంకలో ఆడపిల్లల్లో పదో తరగతి దాకా వచ్చింది మొదట ఆ పిల్లే.

ఫైలు చూసి డైరెక్టరు గారు అప్పటికప్పుడే మంజూరు చేశారు. ఆయన దగ్గర ఆలస్యం ఉండదు. ఆలస్యమంతా ఆ తర్వాతే.

హేమసుందరి గారు రంగుల ప్రతి తయారుచేసింది. చుట్టూ తామరపూల అంచు, పైన సూర్యోదయం, కింద రెండు హంసలు, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో 'శ్రీమతి పల్లాలమ్మ గారికి చిరుతలంక పెదరేవుల మధ్య పడవ నడుపుటకు సహర్షముగా అనుమతి ఇవ్వడమైనది' అని. చూస్తే పెళ్ళి శుభలేఖ అనుకుంటారెవరైనా. నేను సాదా ప్రతి తయారుచేశాను: 'పల్లాలమ్మ. పడవ. గాలివానలో నడపరాదు. చీకటి పడ్డాక నడపరాదు. పరిమితి మించి ఎక్కించి నడపరాదు.' రెండూ ఒకే మెయిలులో కలిపి రెండు ఒడ్లకీ పంపాం.

లంకలో పంచాయతీ కార్యదర్శికి కొత్త ఫోనుంది. ఆమెకి హంసలు కనిపించాయి. పల్లాలమ్మని పిలిచి చూపించి, స్వీటు పెట్టింది. షరతులు ఆమెకి కనిపించలేదు గనక గాలివానలోనైనా, ఎంతమందినైనా ఎక్కించుకోవచ్చని కూడా చెప్పింది.

పెదరేవులో ఘాట్ ఇన్‌స్పెక్టరు ధర్మారావు గారి గదిలో ఉన్నది పాత మిషను. దాని తెర మీద కర్సరు కనబడడమే గొప్ప. ఆయనకి మూడు 'నడపరాదు'లు కనిపించాయి. అనుమతి ఎక్కడా కనిపించలేదు. ధర్మారావు గారు నిక్కచ్చి మనిషి. సొంత బావమరిది పడవకే ఒకసారి తాళం వేయించారు. పల్లాలమ్మ పడవ పెదరేవు దరికి రాగానే ఈల వేసి ఆపేశారు.

మర్నాడు పల్లాలమ్మ ఆఫీసుకొచ్చింది. ఎవరిదో కొబ్బరికాయల దోనె బతిమాలుకుని దాటిందట. పంచాయతీలో తీయించుకున్న రంగు ప్రింటు చేతిలో ఉంది.

"బాబుగోరూ, ఇదేటండీ? నా పడవకి ఆ ఒడ్డున బయల్దేరడానికి పర్మిషనుందంట. ఈ ఒడ్డున చేరడానికి లేదంట. మధ్యలో ఏటి చేయమంటారండీ నన్ను? వలేసుకోమంటారా?"

ఆవిణ్ణి డైరెక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించారు. మర్యాదకి లోటు లేదు.

"అమ్మా, మీ అనుమతి సంపూర్ణంగా ఉంది. విభజితంగా ఉంది, అంతే."

"ఈ కాయితం ఇన్‌స్పెక్టరు బాబుకి చూపించానండి. చూశారండి. బొమ్మ బాగుందన్నారండి. ఇది ఆ ఒడ్డోళ్ళకి కనపడింది గానీ నాకు కనపడాల్సింది నా మిషన్లో కనపడాలన్నారండి."

"ధర్మారావు గారు చెప్పింది సబబే. వేరొకరి తెర మీద కనిపించిన దానిని బట్టి తాను చర్య తీసుకుంటే పరిపాలన ఏమవుతుంది?"

"ఆయనకో ఫోన్ కొట్టి చెప్పండి బాబూ. పల్లాలమ్మని రానీ అని. ఒక్క ముక్క."

"నోటిమాటగా ఇచ్చే ఆదేశాలు చెల్లవని నేనే ఉత్తర్వు ఇచ్చానమ్మా."

నేను కలగజేసుకున్నాను. "పోనీ నా సెక్షన్ నుంచి 'అనుమతి ఉంది' అని ఒక్క లైను పంపేస్తానండి."

ఆయన నన్ను జాలిగా చూశారు. "అనుమతి రంగుల సెక్షన్ విషయం. మీరు పంపితే పునరావృతి అవుతుంది. మళ్ళీ ఆడిట్ పిలిపించమంటారా?"

"మరైతే ధర్మారావు గారికి కొత్త కంప్యూటర్ ఇప్పించండి."

"ఆయన అడిగారు. వారి కోరిక మన్నిస్తూ ఇదివరకే మెయిలు పంపాం. రంగుల ప్రతిలో."

పల్లాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సోమారం నుంచి పరీచ్చలండి. మా దుర్గ ఏడాదంతా కిరసనాయిలు దీపం ముందు కూకుని సదివిందండి. ఆ పిల్ల అవతలొడ్డున నిలబడి బడిని చూడ్డానికా సదివింది? మీకు దణ్ణం పెడతాను బాబుగోరూ."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో స్పష్టంగా తెలీదు, అందరి మీదా మండింది. కానీ నా మొహంలో భావాలు కనిపించవని ముందే చెప్పాను కదా.

డైరెక్టరు గారు నిజంగానే చలించారు. కిటికీ దగ్గరికెళ్ళి నది కేసి చూస్తూ నిలబడ్డారు. అలా నిలబడ్డారంటే ఏదో తట్టబోతోందని మాకు తెలుసు, గుండెల్లో రాయి పడుతుంది.

"అమ్మా, మీ అనుమతి లంక ఒడ్డు నుంచి చెల్లుతుంది. నది మధ్యదాకా మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. అక్కడి నుంచి ఇవతలికి ధర్మారావు గారి తనిఖీ నావ ఉంది. అది సంస్థ సొంతం, దానికి అనుమతే అక్కర్లేదు. పిల్లలు మీ పడవలో మధ్యదాకా వస్తారు. అక్కడ తనిఖీ నావలోకి మారతారు. ఆలోచించండి, ఇది రంగుల రవాణా, సాదా రవాణా. రెండు ప్రతులు, ఒకే ప్రయాణం!"

"నది మధ్యలో పడవ మారడమేటండీ!" అంది పల్లాలమ్మ. "అక్కడ లాగుడెంతుంటాదో తెలుసాండి? ఆ తనికీ నావలో నలుగురెక్కితే ఐదోవోడు గెడ పట్టుకోవాలండి."

"విడతలవారీగా" అన్నారు డైరెక్టరు గారు.

ఉత్తర్వు వెళ్ళింది. మార్పిడి నది మధ్యలోనే జరగాలి, ఇంకెక్కడా జరగరాదు అన్న షరతు నా సెక్షన్ నుంచే వెళ్ళింది.

సోమవారం పొద్దున ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. డైరెక్టరు గారు తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకొచ్చారు. తనిఖీ నావలో ఆయన్నీ హేమసుందరి గారినీ ముందు లంకలో దించారు. హేమసుందరి గారు పల్లాలమ్మ పడవకి బంతిపూల దండలు, మామిడి తోరణం కట్టించింది. నేను సాదా సెక్షన్ తరఫున తనిఖీ నావలో ఉండిపోయాను. గాలికి ఒక బంతిపువ్వు వచ్చి మా నావలో పడింది. నేను దాన్ని తీసి నీళ్ళలో వేశాను. నియమం నియమమే.

పిల్లలు హాల్ టికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని పడవెక్కారు. దుర్గాభవాని ముందు కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంటోంది. నది మధ్యకి రాగానే రెండు పడవలనీ పక్కపక్కన నిలబెట్టారు. రెండింటికీ మధ్య ఎర్ర రిబ్బను కట్టారు. డైరెక్టరు గారు దాన్ని కత్తిరించాలి. ఆ తర్వాతే మార్పిడి.

ఇక్కడ ప్రవాహం మాకు సహకరించలేదు. రిబ్బను బిగిసేసరికి మా నావ కిందికి జారిపోతుంది. దగ్గరకు లాగితే రిబ్బను నీళ్ళలో వేలాడుతుంది. వేలాడే రిబ్బను కత్తిరించడం శుభం కాదని హేమసుందరి గారు. బిగిసినప్పుడు కత్తిరిద్దామంటే డైరెక్టరు గారి చెయ్యి అందదు. ఈలోగా ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు.

"ఒకే నదిలో రెండు ప్రతులుగా ప్రయాణించే సౌలభ్యాన్ని ప్రజలకు అంకితం చేయడానికి..."

"బాబుగోరూ, పొద్దెక్కిపోతంది" అంది చుక్కాని దగ్గర్నుంచి పల్లాలమ్మ.

"...మా సంస్థ కృషి చేసిన వైనాన్ని..."

"గేటేసేత్తారండి! ఒక్క నిమిషం దాటితే లోపలికి రానివ్వరండి!"

"...సందర్భోచితంగా ప్రస్తావిస్తూ..."

దుర్గాభవాని ఏడవడం మొదలుపెట్టింది. పైకి వినబడకుండా, పుస్తకం మూసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దాన్ని చూసి పక్కపిల్లలూ అందుకున్నారు. పల్లాలమ్మ మనవరాలి కేసి ఒకసారి చూసింది, డైరెక్టరు గారి కేసి ఒకసారి చూసింది. ఆపైన ఇంజను తాడు లాగింది. రిబ్బను దానంతటదే తెగింది. డైరెక్టరు గారు కత్తెరతో సహా వెనక్కి పిల్లల ఒళ్ళో పడ్డారు.

పడవ తిన్నగా పెదరేవు మీదికి పోతోంది. మేం గెడ వేసుకుంటూ వెనక పడ్డాం. ఒడ్డున ధర్మారావు గారు ఈల నోట్లో పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"ఆపు! ఈ పడవ ఒడ్డు తాకడానికి అనుమతి లేదు!"

"తాకనండి బాబూ, ఎందుకు తాకుతాను? నేనిక్కడే ఉన్నాను." మోకాలి లోతు నీళ్ళలో ఇంజను ఆపేసింది పల్లాలమ్మ. "ఒరేయ్ పిల్లలూ, దూకండ్రా! కవర్లు నెత్తి మీద పెట్టుకోండి! దుర్గా, ఏడుపాపి దిగవే!"

పిల్లలు బిలబిలా నీళ్ళలోకి దూకారు. బట్టలు తడుపుకుంటూ హాల్ టికెట్లు నెత్తి మీద పట్టుకుని ఒడ్డెక్కి బడి కేసి పరిగెత్తారు. ధర్మారావు గారు పక్కకి జరిగి దారి ఇచ్చారు. మనుషులు ఒడ్డెక్కరాదని ఆయన మెయిల్లో లేదు.

మా నావ ఒడ్డు చేరి నేను దిగేసరికి, పడవలో డైరెక్టరు గారు, హేమసుందరి గారు మిగిలారు. హేమసుందరి గారు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని దిగిపోయింది. ఆవిడ ముగ్గుల మనిషి, నీళ్ళకి జంకదు. డైరెక్టరు గారు బూట్లు చూసుకున్నారు, నీళ్ళు చూసుకున్నారు.

"ధర్మారావు గారూ, పడవని ఒడ్డుకి రానివ్వండి. నేను చెబుతున్నాను."

"నోటిమాట చెల్లదని తమ ఉత్తర్వండి."

"అయితే తనిఖీ నావ ఇటు తెప్పించండి, అందులోకి మారతాను."

"మార్పిడి నది మధ్యలోనే జరగాలండి. అదీ తమ ఉత్తర్వేనండి."

"అమ్మా పల్లాలమ్మ గారూ, నది మధ్యకి పోనిద్దాం."

"ఇంజను తడిసిపోయిందండి" అంది పల్లాలమ్మ. ఇంజను మీద చుక్క నీరు లేదు.

అప్పుడాయన నన్ను పిలిచారు. "భీమశంకరం గారూ, వెంటనే మెయిలు పంపండి! నన్ను ఒడ్డుకి చేర్చవలసిందిగా!"

నేను ఒడ్డు మీదే ఫోను తీశాను. చేర్చమనడం అనుమతి. అనుమతి నా సెక్షన్‌ది కాదు. హేమసుందరి గారు అక్కడే చింతచెట్టు కింద కూర్చుని అనుమతి తయారుచేసింది, చుట్టూ శంఖాలు, మధ్యలో పూలదండతో డైరెక్టరు గారి ఫొటో. నేను నా భాగం కలిపాను. నిషేధాలు మాత్రమే రాయాలి, పదవులు రాయకూడదు. ఎంత ఆలోచించినా నాకు ఒక్క వాక్యమే దొరికింది. మెయిలు వెళ్ళింది.

ధర్మారావు గారు గదిలోకెళ్ళి మిషను తెరిచి చదివి, మళ్ళీ ఒడ్డుకొచ్చి అందరికీ వినబడేలా చెప్పారు.

"మెయిలొచ్చిందండి. 'త్రివిక్రమరావు నదిలో ఉండరాదు' అని ఉందండి. ఆ త్రివిక్రమరావు ఎవరో రాయలేదండి. తమరేనా?"

"నేనే!"

"అయితే తమరు నదిలో ఉండరాదండి. ఉంటే కేసు రాయాలండి. పడవ ఒడ్డు తాకరాదండి. తమరే ఆలోచించుకోండి."

డైరెక్టరు గారు ఆలోచించుకున్నారు. ఆయన నిజాయితీ గల ఆలోచన గురించి ముందే చెప్పాను. మెల్లిగా బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పి బూట్లలో కుక్కుకున్నారు, ప్యాంటు మడిచారు, పల్లాలమ్మ భుజం ఆసరా చేసుకుని గోదావరిలోకి దిగారు. తన ఉత్తర్వుల్లో ఒక్కటి కూడా తప్పలేదు.

పిల్లలంతా సమయానికి హాల్లోకి వెళ్ళారు. దుర్గాభవాని పరీక్ష రాసినంతసేపూ తడి లంగాతోనే కూర్చుంది, బెంచీ కింద నీళ్ళు మడుగు కట్టాయని వాచర్ కోప్పడ్డాడట. అయినా ఆ పిల్ల బయటికొచ్చి నవ్వింది. పల్లాలమ్మ ఆ పిల్ల తల తుడుస్తూ ఏడ్చింది. నేనూ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అలా చేయడం సెక్షన్ స్వభావానికి విరుద్ధమని నాకు తెలుసు.

ఇంత జరిగాక రెండు సెక్షన్లూ ఎత్తేస్తారని నేను అమాయకంగా అనుకున్నాను. మర్నాడు డైరెక్టరు గారు ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపారు. పడవ ఒడ్డు తాకకుండానే ప్రయాణికులు గమ్యం చేరగలరని స్వయంగా నీళ్ళలో దిగి నిరూపించినట్టు అందులో రాశారు. వాళ్ళకి ఎంతో నచ్చింది. దానికి 'జలమధ్య అవరోహణ విధానం' అని పేరు పెట్టి మిగతా రేవులకి కూడా పంపించారు. ఇప్పుడు లంకవాళ్ళంతా మోకాలి లోతు నీళ్ళలోనే దిగుతున్నారు. కూరగాయల బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతున్నారు, చంటిపిల్లల్ని చంకనెత్తుకుని దిగుతున్నారు, మొన్నొక పెళ్ళికొడుకు పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని బాజాల మధ్య దిగాడు.

వానాకాలం వచ్చింది. మోకాలి లోతు నడుం లోతైంది. పల్లాలమ్మ మళ్ళీ ఆఫీసుకొచ్చింది. నడుం దాకా తడిసిపోయి ఉంది, ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"బాబుగోరూ, ముసలోళ్ళు నిలబడలేకపోతన్నారండి. నిన్న సీతారావమ్మ గోరు కాలు జారితే జుట్టుచ్చుకుని పైకి లాగానండి. పడవని ఒడ్డు తాకనివ్వండి. ఎవరన్నా పోతే ఏటండీ?"

"అటువంటి దురదృష్టకర సంఘటన జరిగితే ప్రగాఢ సంతాపం రంగుల ప్రతిలో వస్తుందమ్మా" అన్నారు డైరెక్టరు గారు. "ఇకపై కాలు జారరాదన్న హెచ్చరిక సాదా ప్రతిలో వస్తుంది. ఏదీ మరిచిపోలేదు మేం."

పల్లాలమ్మ ఆయన్ని తేరిపార చూసింది.

"మరి బాజ్జెత దేంట్లో వస్తాదండీ?"

హేమసుందరి గారు నా వైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. బాధ్యత శుభవార్త కాదు, నిషేధమూ కాదు. ఆవిడ అడిగింది మా రెండు సెక్షన్లలో ఏదానిలోకీ రాదు.

"చాలా ముఖ్యమైన అంశం లేవనెత్తారమ్మా" అన్నారు చివరికి డైరెక్టరు గారు. "దానికి మూడో ప్రతి కావాలి."

మూడో సెక్షన్ మంజూరై కూడా చాలా కాలమైంది. గది ఇచ్చారు, బల్ల వేశారు, తలుపు మీద బోర్డు కూడా పెట్టారు. మా రెండు సెక్షన్లలో సీటు కోసం మంత్రుల సిఫార్సులు పట్టుకొచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ కుర్చీ అడగలేదు. డైరెక్టరు గారు నన్ను వెళ్ళమన్నారు. నేను సెలవు పెట్టాను.

పల్లాలమ్మ ఇప్పటికీ పెదరేవు దగ్గర ఇంజను ఆపి, ముందు తాను నడుం లోతు నీళ్ళలోకి దిగి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఒడ్డుకి చేరుస్తోంది.